ఒక క్రెడిట్ కార్డు బాకీ కేసు: ఎవరి సాయం నమ్మాలి?

ఈ కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు మార్చాను, అంకెలు గుండ్రం చేశాను. బ్యాంకుల పేర్లు, ఏజెన్సీల పేర్లు రాయడం లేదు. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. బ్యాంకులో రుణాల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో బాకీల్లో చిక్కుకున్నవాళ్ల లెక్కలు చూసి దారి చెప్తుంటాను. కార్డు కేసులు చాలానే వస్తాయి. వాటిలో దీన్ని ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఇంటికి బాకీ చేసిన నష్టం ఒక ఎత్తు, సాయం చేస్తామని వచ్చినవాళ్లు చేసిన నష్టం ఇంకో ఎత్తు. ఆ రెండోది జరగకుండా ఆపుకోవచ్చు.

నేపథ్యం

మనిషికి నలభై దాటాయి. కావలికీ ఒంగోలుకూ మధ్య తీరంలో సొంత ఊరు. రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్. చేతికొచ్చే జీతం 38,000, సీజన్‌లో ఇన్సెంటివ్ అదనం. భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 9,000. ఇల్లు సొంతం. పెద్దమ్మాయి నెల్లూరులో హాస్టల్‌లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. పిల్లాడు ఊళ్లోనే బడికి వెళ్తాడు.

2022లో ఇద్దరు స్నేహితులతో కలిసి మూడెకరాల చెరువు లీజుకు తీసుకున్నాడు. రోజూ గట్ల మీద తిరిగి ఇతర రైతులకు మేత లెక్కలు, నీటి పరీక్షలు చెప్పే మనిషి కాబట్టి ధైర్యంగానే దిగాడు. మొదటి పంట బాగా వచ్చింది. రెండో పంటకు రెండు నెలలు తిరక్కుండానే తెల్లమచ్చ వైరస్ తగిలింది. ఉన్నపళంగా పట్టుబడి చేశారు, అంటే ఎదగకముందే రొయ్యలు పట్టేశారు. కౌంటు (కిలోకు ఎన్ని తూగుతాయన్న లెక్క) రాలేదు, రేటూ రాలేదు. మూడో పంటకు మేత, మందులు, డీజిల్ అన్నీ కార్డుల మీదే కొన్నాడు. అదీ పోయింది. భాగస్వాములు తమ వాటా నష్టం తాము భరించారు కానీ, కార్డులు మాత్రం ఇతని పేరు మీదున్నాయి.

అక్కడి నుంచి రొటేషన్ మొదలైంది. ఒక కార్డు గీకి నగదు ఇచ్చే షాపులు పట్టణాల్లో ఉంటాయి, నూటికి రెండో రెండున్నరో పట్టుకుంటారు. అలా ఒక కార్డు మీద తెచ్చి ఇంకో కార్డు మినిమమ్ డ్యూ, అంటే ఆ నెలకు తప్పనిసరిగా కట్టాల్సిన కనీస మొత్తం, కట్టాడు. ఏడాదిన్నర గడిచింది. ఒక్క నెలా ఆలస్యం లేదు. క్రెడిట్ స్కోరు (అప్పులు ఎంత సక్రమంగా కడుతున్నామో చూపే అంకె) బాగుంది కాబట్టి బ్యాంకులు లిమిట్ పెంచుతూనే పోయాయి. బయటి నుంచి చూస్తే అన్నీ సక్రమంగా ఉన్నట్టే ఉండేది.

నా దగ్గరికి వచ్చేసరికి

2024 జులైలో భార్యాభర్తలిద్దరూ వచ్చారు. అతను తెచ్చింది ఒక్క ఫోను. అందులో రికవరీ ఏజెంట్ల మెసేజ్‌లు, ఒక నకిలీ 'అరెస్ట్ వారెంట్' ఫొటో. ఆమె మాత్రం ఒక నోటుపుస్తకం తెచ్చింది. ఏ నెల ఎవరికి ఎంత కట్టారో రాసుకుంది. ఆ పుస్తకం లేకపోతే ఈ కేసు ఇంత త్వరగా అర్థమయ్యేది కాదు.

స్టేట్‌మెంట్లు తెప్పించుకున్నాక తేలిన లెక్క ఇది. మొదటి కార్డులో 1,84,000 బాకీ, మినిమమ్ కడుతూ వస్తున్నారు. రెండో కార్డులో 1,12,000, రెండు నెలలుగా కట్టలేదు. మూడో కార్డులో 96,000, ఏడు నెలలుగా రూపాయి కట్టలేదు. ఇవి కాక ఒక పర్సనల్ లోన్, నెలకు 6,400 వాయిదా, అది సక్రమంగానే నడుస్తోంది.

మూడో కార్డు సంగతే నన్ను ఆపింది. మొదటి రెండింటికి మొన్నమొన్నటిదాకా కిందామీదా పడి కట్టిన మనిషి దీన్ని ఎందుకు పూర్తిగా వదిలేశాడు? అడిగితే చెప్పాడు: "కట్టొద్దని వాళ్లే చెప్పారు సార్."

'వాళ్లు' అంటే, బ్యాంకుతో మాట్లాడి బాకీ తగ్గిస్తామనే ఒక సెటిల్‌మెంట్ ఏజెన్సీ, ఫోన్‌లో పరిచయమైంది. 2023 డిసెంబరులో 18,000 ఫీజు ముందే తీసుకుంది. కట్టడం ఆపేయండి, ఆరు నెలల్లో బ్యాంకే దిగొచ్చి సగానికి ఒప్పుకుంటుంది, అప్పటిదాకా ఫోన్లు మేం చూసుకుంటాం అని చెప్పింది. ముప్పై శాతం దాటిన వడ్డీ చట్టప్రకారం చెల్లదని కూడా నమ్మించింది. ఆ మాటకు మూలం 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు. అది సుప్రీంకోర్టు స్టేలో ఉందని ఏజెన్సీ చెప్పలేదు. దాన్ని నమ్ముకోవద్దని నేను అప్పుడే చెప్పాను. తర్వాత 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది కూడా. కట్టడం ఆపేనాటికి 66,000 ఉన్న ఈ మూడో కార్డు బాకీ, వడ్డీ, లేట్ ఫీజు, వాటి మీద 18 శాతం జీఎస్టీ కలుపుకుని 96,000 అయింది. పైగా బ్యాంకు రికార్డులో ఇతని ఈమెయిల్ చిరునామా మార్పించి తమది పెట్టించుకున్నారు. బ్యాంకు పంపిన ఉత్తరాలు ఒక్కటీ ఇతను చూడలేదు.

అది చాలదన్నట్టు, సిబిల్ బాగుచేస్తానని పట్టణంలో ఇంకొకరు 6,000 తీసుకున్నారు. ఆ మనిషి చేసిన పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. రిపోర్టులో ఉన్న నిజమైన ఎంట్రీలన్నిటి మీదా అభ్యంతరాలు పెట్టాడు, అన్నీ తిరస్కరణకు గురయ్యాయి. ఇతని ఓటీపీలతో పలుచోట్ల లోన్‌కు అప్లై చేశాడు, ఒక్కటీ రాలేదు, కానీ ప్రతిదీ రిపోర్టులో ఎంక్వైరీగా, అంటే లోన్ అడిగిన గుర్తుగా, నిలిచింది.

మొదట ఏం చూశాం, ఎందుకు

ఎవరికి ఎంత కట్టాలనే చర్చ ఆ రోజు పెట్టలేదు. క్రెడిట్ రిపోర్టులు తీయించాను. ఎవరు ఏ అప్పు ఎలా కట్టారో చూపే ఈ రిపోర్టులిచ్చేవి మన దేశంలో సిబిల్‌తో కలిపి నాలుగు సంస్థలున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హై మార్క్. ప్రతిదాని నుంచీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా పొందే హక్కు ఉంది. డబ్బు కట్టి ఎవరి చేతా తెప్పించుకోనక్కర్లేదు. అతని ఫోన్‌లో, అతని చేత్తోనే తీయించాను, ఓటీపీ నాక్కూడా చెప్పొద్దన్నాను.

స్కోరు 561. అందరూ ఆ అంకె చూసి బెంబేలెత్తుతారు. నేను చూసేది కింద ఖాతాల వారీగా ఉండే నెలల గడులను. ఒక్కో నెలా ఎన్ని రోజులు ఆలస్యమైందో అక్కడ ఉంటుంది. రెండో కార్డు 90 రోజులు దాటలేదు, అంటే ఇంకా నిరర్థక ఆస్తిగా (బ్యాంకు లెక్కలో మొండి బాకీగా) మారలేదు. మూడోది ఎప్పుడో మారింది. ఈ తేడానే మా ప్లాన్‌కు ఆధారం. 90 రోజుల గీత దాటనిదాన్ని ముందు కాపాడాలి, దాటినదానికి కొన్ని వారాలు ఆగినా కొత్తగా పోయేది తక్కువ. కానీ ఏజెంట్లు గట్టిగా అరిచేది దాటినదాని గురించే, కాబట్టి ఇళ్లలో చేతికొచ్చిన డబ్బు ముందు అటే పోతుంది.

రిపోర్టులో ఇంకోటి కనిపించింది. 2019లోనే కట్టేసి మూయమన్న ఒక పాత కార్డు, 8,400 రైటాఫ్ చేసినట్టు, అంటే రాని బాకీగా లెక్కల్లో కొట్టేసినట్టు, చూపిస్తోంది. మూయలేదు, ఏటా ఫీజు వేసుకుంటూ పోయారు. దాని గురించి ఇంట్లో ఎవరికీ తెలియదు.

తర్వాత నెల ఖర్చు. ఇక్కడ ఒక నిర్ణయం తీసుకున్నాను: ఇన్సెంటివ్‌ను ఆదాయంలో కలపలేదు. అతను ఒప్పుకోలేదు, సీజన్‌లో పది పన్నెండు వేలు వస్తుంది సార్ అన్నాడు. రొయ్యల రేటు మన చేతుల్లో లేదు, దాని మీద ఆధారపడిన రూపాయితో బ్యాంకుకు మాట ఇవ్వకూడదని నా వాదన. 47,000లో ఇంటి ఖర్చు, అమ్మ మందులు, ఆమె కడుతున్న చీటీ కలిపి 21,000. చదువుకు సగటున 5,000. పర్సనల్ లోన్ 6,400. మిగిలేది 14,600. ఏ ప్లాన్ అయినా ఈ 14,600లోనే ఇమడాలి.

అదే రోజు చేసిన ఇంకో పని: కార్డుతో కొనడం పూర్తిగా ఆపించాను. పాత బాకీ మోస్తున్న కార్డుకు 45 రోజుల వడ్డీలేని గడువు ఉండదు. ఇవాళ కొన్న బియ్యం బస్తాకు ఇవాళ్టి నుంచే వడ్డీ నడుస్తుంది. చాలామందికి ఈ విషయం తెలియదు.

మొదటి కార్డు: బంగారం పెట్టాలా వద్దా

ఈ కార్డు మీద వడ్డీ నెలకు 3.5 శాతం. 1,84,000 మీద 6,440, దానికి జీఎస్టీ కలిపితే దాదాపు 7,600. వాళ్లు నెలకు 9,500 కడుతుంటే అసలు తగ్గేది 1,900. ఆ లెక్క నోటుపుస్తకంలో వేసి చూపించినప్పుడు ఆమె కాసేపు మాట్లాడలేదు.

అప్పట్లో బ్యాంకులో బంగారం తాకట్టు పెడితే ఏడాదికి 9.5 శాతం దగ్గర దొరికేది. 1,90,000 మీద నెలకు 1,500 వడ్డీ. అంకెల్లో చూస్తే ఆలోచించాల్సిన పనే లేదు. అయినా నేను వెంటనే చెప్పలేదు. కార్డు బాకీకి పూచీ లేదు, కట్టకపోతే పోయేది రికార్డు. బంగారం పెట్టి తెస్తే, కట్టకపోతే పోయేది వస్తువు. అదీ ఆమె పుట్టింటివాళ్లు పెట్టినది. కాబట్టి నిర్ణయం ఆమెది. అతను బయట కూర్చున్నప్పుడు ఆమెతో విడిగా మాట్లాడాను. వద్దంటే ఇంకో దారి వెతుకుదాం, కాస్త ఆలస్యమవుతుంది, అంతే అని చెప్పాను. ఆమె రెండు షరతులు పెట్టింది: లోన్ తన పేరు మీదే ఉండాలి, ఆ కార్డు ఇంట్లో ఉండకూడదు.

రెండో షరతు మీద నాకూ ఒక ఆలోచన ఉంది. ఇతను వాడుతున్న కార్డుల్లో అదే అన్నిటికన్నా పాతది, ఒక్క ఆలస్యం లేనిది. స్కోరు కోసమైతే లిమిట్ తగ్గించి ఉంచుకోవడం మేలు. కానీ రొటేషన్‌కు అలవాటుపడిన ఇంట్లో కష్టమొచ్చిన రోజు ఆ కార్డే ముందు చేతికొస్తుంది. స్కోరుకు ఒకటి, ఇంటికి ఒకటి మేలనిపించినప్పుడు ఇంటికి మేలైనదే ఎంచుకున్నాం.

తక్కువ వడ్డీ అని వ్యవసాయ బంగారు రుణం అడుగుదామని అతను అన్నాడు. కార్డు బాకీ తీర్చడానికి వ్యవసాయం అని రాసి సంతకం పెట్టడం తప్పు, వద్దన్నాను. నెలనెలా వడ్డీ కట్టే, మధ్యలో అసలు జమ చేసుకోనిచ్చే మామూలు లోన్‌నే తీసుకున్నారు.

కార్డు కట్టేసేటప్పుడు ఒక చిన్న విషయంలో చాలామంది దెబ్బతింటారు. స్టేట్‌మెంట్‌లో ఉన్న మొత్తం కట్టేస్తే పూర్తయినట్టు కాదు. స్టేట్‌మెంట్ తేదీ నుంచి కట్టిన రోజు వరకు వడ్డీ తర్వాతి బిల్లులో వస్తుంది. అయిపోయిందనుకుని చూడకపోతే ఆ చిన్న మొత్తమే మళ్లీ ఆలస్యంగా రిపోర్టుకెక్కుతుంది. అందుకే 6,000 ఎక్కువ తీసుకున్నాం. ఆ చివరి బిల్లూ కట్టాక మూసివేతకు రాతపూర్వకంగా అడిగించాను. రిజర్వ్ బ్యాంక్ 2022 నిబంధనల ప్రకారం బాకీ లేని కార్డును అడిగిన 7 పనిదినాల్లో మూయాలి, లేకపోతే రోజుకు 500 చొప్పున వినియోగదారుకు చెల్లించాలి. గడువులోనే మూశారు.

రెండో కార్డు: 90 రోజుల లోపు

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, ఆలస్యంలో ఉన్న కార్డుకు వాయిదాలు కుదరవని చెప్పారు. ఎంతమందితో మాట్లాడినా అదే జవాబు. వాళ్ల స్క్రీన్ మీద ఆ అవకాశం ఉండదు, వాళ్లతో వాదించి లాభం లేదు. బ్యాంకు వెబ్‌సైట్‌లో పేరున్న నోడల్ ఆఫీసర్‌కు, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, ఉత్తరం రాయించాను. పేజీ దాటని ఉత్తరం: పంట నష్టం, జీతం స్లిప్పులు, ఇంటి ఖర్చు పట్టిక, నెలకు ఎంత, ఏ నెల నుంచి కట్టగలమో. బతిమాలడం, బెదిరించడం రెండూ పెట్టలేదు. ఆ ఫైలు చదివే అధికారి పైవాళ్లకు చూపించుకోవడానికి పనికొచ్చే కాగితాలన్నీ అందులో ఉండాలన్నదే నా లెక్క. ఇంతకాలం ఆ బల్లకు అవతల కూర్చున్నాను కాబట్టి తెలుసు.

బ్యాంకు వాయిదాలకు ఒప్పుకుంది: 24 నెలలు, 16 శాతం వడ్డీ, నెలకు దాదాపు 5,500, వడ్డీ భాగం మీద జీఎస్టీ అదనం. ఒప్పుకునే ముందు ఒక ప్రశ్న రాసి అడిగించాను: దీన్ని క్రెడిట్ రిపోర్టులో ఎలా చూపిస్తారు? రీస్ట్రక్చర్డ్ (కట్టలేక షరతులు మార్చుకున్న అప్పు) అని చూపిస్తామన్నారు. అతను వెనకాడాడు. ఆ మాట రిపోర్టులో కొంత బరువే. కానీ ఇంకో నెల ఆగితే నిరర్థక ఆస్తి అని పడుతుంది, వడ్డీ మూడింతలు నడుస్తుంది. ఒప్పుకోమన్నాను.

మూడో కార్డు

ఎక్కువ కాలం పట్టింది దీనికే.

ముందు ఏజెన్సీని వదిలించుకోవాలి. వాళ్లకిచ్చిన అధికార పత్రాన్ని రద్దు చేస్తున్నట్టు బ్యాంకుకు, ఏజెన్సీకి మెయిల్ పెట్టించాం. బ్యాంకు రికార్డులో ఫోను, ఈమెయిల్ మళ్లీ ఇతనివే నమోదయ్యాయి. ఫీజు తిరిగి ఇమ్మని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాం. కొంత వచ్చింది, పూర్తిగా రాలేదు. దాని వెంట పడటం ఆపించాను, అప్పుడు ఆ ఇంటికి ఓపిక కావలసిన పనులు వేరే ఉన్నాయి.

రెండోది ఏజెంట్ల ఒత్తిడి. ఒకతను కంపెనీ గేటు దగ్గరికి వచ్చి అందరి ముందు మాట్లాడాడు. ఆమె అన్నకు ఫోన్లు చేశారు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, నలుగురిలో అవమానించకూడదు, బంధువులను, స్నేహితులను వేధించకూడదు. తేదీ, సమయం, నంబరు, అన్న మాట రాసుకుని బ్యాంకు నోడల్ ఆఫీసర్‌కు పంపమన్నాను. రెండు వారాల్లో ఆగాయి. అరెస్ట్ వారెంట్ ఫొటో గురించి అతని టెన్షన్ తగ్గించడానికి ఎక్కువ సేపు పట్టింది. కార్డు బాకీ సివిల్ వ్యవహారం, కట్టలేనందుకు జైలు ఉండదు. చెక్కు బౌన్స్ అయితే దారి వేరు, ఇతను చెక్కు ఇవ్వలేదు. కోర్టు నుంచి నిజంగా సమన్లు వస్తే మాత్రం పక్కన పడేయకూడదని కూడా చెప్పాను.

ఇక డబ్బు. చెరువుకు కొన్న ఏరియేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు), మోటారు అమ్మితే ఇతని వాటాకు 50,000 వచ్చింది. అది అమ్మడం అతనికి కష్టమైంది, మళ్లీ చెరువు చేస్తాననే ఆశ మనసులో ఉంది.

ఏజెంట్ వాట్సాప్‌లో ఒక బేరం పెట్టాడు: 45,000 కట్టు, మూసేస్తాం. పంపమన్న యూపీఐ ఎవరో వ్యక్తి పేరు మీద ఉంది. బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉత్తరం లేదు. ఆ డబ్బు బ్యాంకుకు చేరినట్టు రుజువు ఎక్కడా ఉండదు. వద్దన్నాను.

సెప్టెంబరులో లోక్ అదాలత్‌కు వెళ్లాం. కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా, కేసు వేయకముందే రాజీకి పెట్టే పద్ధతి. ఖర్చు లేదు. కుదిరితే సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. కుదరలేదు. బ్యాంకు తరఫున వచ్చిన మనిషికి ఒకే అధికారం ఉంది: 62,000 ఒకేసారి, సెటిల్‌మెంట్‌గా.

ఇక్కడే అసలు చర్చ జరిగింది. 62,000కు ఒప్పుకుంటే 34,000 మిగులుతుంది. కానీ రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది. అప్పు మొత్తం కట్టలేదని దానర్థం, తర్వాత లోన్ ఇచ్చే ప్రతివాడూ అది చదువుతాడు. సెటిల్‌మెంట్ తప్పని నేను అనను. సంపాదించే మనిషి పోయిన ఇంటికి, ఆరోగ్యం దెబ్బతిన్నవాళ్లకు అదే తీసుకోమని చెప్తాను, చెప్పాను కూడా. ఇక్కడ పరిస్థితి వేరు. బంగారం వడ్డీ, రెండో కార్డు వాయిదా పోగా నెలకు 7,500 మిగులుతోంది. రెండేళ్లలో అమ్మాయికి చదువు లోన్ కావాలి, దానికి తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా ఉండాలి. 34,000 పెట్టి ఆ రికార్డు కొనుక్కోవడం ఈ ఇంటికి చేతనవుతుందా? అవుతుందని లెక్క చెప్పింది. అయినా నిర్ణయం వాళ్లకే వదిలేశాను. ఇంటికెళ్లి ఆలోచించుకుని ఫోన్ చేశారు, మొత్తం కడతామని.

మొత్తం వాయిదాల్లో కడతామంటే బ్యాంకు రికవరీ ఏజెన్సీ మనిషి ఒప్పుకోలేదు, కడితే ఒకేసారి కట్టమన్నాడు. మళ్లీ నోడల్ ఆఫీసర్‌కే రాశాం. మేం మొదటి ఉత్తరం ఇచ్చిన తేదీ నాటి 96,000 దగ్గర ఆపండి, 50,000 ఇప్పుడే, మిగతా 46,000 ఏడు వాయిదాల్లో. ఒప్పుకున్నారు. తర్వాత వేసిన వడ్డీ, ఫీజులు రివర్స్ చేశారు. అడగకుండా వదలకూడని మాట ఒకటుంది, అదీ మెయిల్‌లో తెప్పించాం: ఇది రాజీ కాదు, చివరి వాయిదా అందాక క్లోజ్డ్ (మొత్తం కట్టి మూసినది) అని రిపోర్ట్ చేసి బాకీ లేదనే పత్రం ఇస్తామని.

నాలుగో వాయిదా నెలలో అతని తల్లిని ఆసుపత్రిలో చేర్చారు. వైద్యం ఎన్టీఆర్ వైద్య సేవలో జరిగింది, రాకపోకలు, మందులు, అతని జీతం లేని సెలవులు మాత్రం మీద పడ్డాయి. పాత రోజులైతే గీకేవాళ్లమని ఆమే నాతో అంది. ఆ నెల చీటీ పాడుకుని గట్టెక్కారు. ఖర్చు పట్టికలో చీటీని కోయించకపోవడానికి కారణం ఇదే. నెలకు వెయ్యి కూడా మిగలని ప్లాన్‌లో ఎక్కడో ఒకచోట కాస్త దాపు ఉండాలి.

రిపోర్టులో తప్పు, రిపోర్టులో నిజం

పాత కార్డు సంగతి వేరుగా నడిపాం. 2019 నాటి మూసివేత మెయిల్ అతని ఇన్‌బాక్స్‌లో దొరికింది. బ్యాంకుకూ, క్రెడిట్ రిపోర్టు సంస్థలకూ ఒకేసారి ఫిర్యాదు. 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకు 100 చొప్పున పరిహారం ఇవ్వాలి. బ్యాంకు మొదట పాత రికార్డులు లేవంది. 30 రోజులు దాటాక బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వాళ్ల సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు పెట్టాం. ఎంట్రీ పోయింది, గడువు దాటిన రోజులకు పరిహారం ఖాతాలో పడింది.

మూడో కార్డు ఆలస్యాలు, ఆ 6,000 తీసుకున్న మనిషి చేసిన ఎంక్వైరీలు మాత్రం అలాగే ఉన్నాయి. అవి నిజంగా జరిగినవి. ఓటీపీ ఇచ్చింది ఇతనే. వాటిని తీసేసే దారి ఎవరి దగ్గరా లేదు, కాలం గడిచేకొద్దీ వాటి బరువు తగ్గాలి. రిపోర్టులో తప్పుంటే సరిచేయించడం ఉచితం, నిజం ఉంటే ఎంత కట్టినా చెరగదు. బాగుచేస్తామనేవాళ్లు డబ్బు తీసుకునేది ఈ రెండింటి మధ్య తేడా తెలియనివాళ్ల దగ్గరే.

నేను నేర్చుకున్నది, ఇతరులకు చెప్పేది

ఇప్పుడు ఎవరైనా ఫలానా వాళ్లు సాయం చేస్తామంటున్నారు, నమ్మొచ్చా అని అడిగితే, వాళ్లు ముందు ఏం అడిగారో చెప్పమంటాను. స్టేట్‌మెంట్లు, రిపోర్టు, ఇంటి ఖర్చు అడిగితే కూర్చుని వినండి. అవి చూడకుండానే ఫీజు చెప్తే, ఇన్ని శాతం తగ్గిస్తామని మాటిస్తే లేచి వచ్చేయండి. ఇంటి ఆదాయం తెలియని మనిషికి మీరు సెటిల్ చేసుకోవాలో, మొత్తం కట్టాలో తెలిసే అవకాశమే లేదు. కట్టడం ఆపమనేవాడు ఆ ఆలస్యం ఎవరి పేరు మీద పడుతుందో చెప్పడు. ఓటీపీ, పాస్‌వర్డ్, సంతకం పెట్టిన ఖాళీ కాగితం, బ్యాంకులో చిరునామా మార్పు, వీటిలో ఏది అడిగినా మాట అక్కడితో ఆపేయాలి.

డబ్బు కట్టకుండా వెళ్లగలిగే చోట్లు మన జిల్లాల్లోనే ఉన్నాయి. జిల్లా లీడ్ బ్యాంకు మేనేజర్ కార్యాలయం, బ్యాంకులు నడిపే ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు. నోటీసు వస్తే నెల్లూరులో, ఒంగోలులో కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ, ఫోను 15100. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచిత న్యాయ సాయం ఉంటుంది. బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంక్ 14448. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930. అన్ని చోట్లా ఒకేలా పలకరిస్తారని చెప్పను, ఓపిక కావాలి. కాగితాలు ఒక ఫైల్లో, తేదీల వరుసలో పెట్టుకుని వెళ్తే సగం పని అవుతుంది.

బ్యాంకుతో మాట్లాడేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది కూడా రాతకు సంబంధించిందే. ఫోన్‌లో ఇచ్చిన మాటకు విలువ లేదు. కట్టేముందే అడగాలి: ఇది కట్టాక రిపోర్టులో ఏమని రాస్తారు? ఆ జవాబు మెయిల్‌లో వచ్చేదాకా డబ్బు కదపకూడదు.

ఇప్పటి స్థితి

2025 మేలో మూడో కార్డు చివరి వాయిదా కట్టారు. క్లోజ్డ్ అని రిపోర్టుకెక్కింది. 2025 జనవరి నుంచి బ్యాంకులు పదిహేను రోజులకోసారి సమాచారం పంపాల్సి వచ్చింది కాబట్టి ఆ మార్పు చూడటానికి నెలల తరబడి ఆగాల్సిన పని లేకపోయింది. వాయిదాకు పోయే డబ్బు జూన్ నుంచి బంగారం అసలుకు మళ్లింది. ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరి రొయ్యల రేటు పడిపోయినప్పుడు కంపెనీ ఇన్సెంటివ్ ఆపేసింది. ప్లాన్‌లో అది లేదు కాబట్టి ఏ వాయిదా తప్పలేదు.

స్కోరు 674కు వచ్చింది. రెండో కార్డు వాయిదాలు ఇంకో పది నెలల దాకా ఉన్నాయి. బంగారం లోన్ తన పేరు మీద ఉండటంతో ఆమెకూ మొదటిసారి క్రెడిట్ రికార్డు ఏర్పడింది, అదీ ఒక్క ఆలస్యం లేకుండా. చదువు లోన్‌కు తండ్రి బదులు తల్లిని ముందు పెట్టొచ్చా అన్నది అమ్మాయి సీటు వచ్చే కాలేజీని బట్టి చూస్తాం. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే చిన్న కార్డు తీసుకుంటే స్కోరు త్వరగా పెరుగుతుందని అతను ఎక్కడో చదివాడు. మాట నిజమే. రెండో కార్డు వాయిదాలు పూర్తయ్యాక అడగమన్నాను, అప్పుడు కూడా ముందు ఆమెను అడగమన్నాను.